నా ఒక్కదాని కూర

కాపురానికి వచ్చాక మొదటిసారి బీట్‌రూట్ కూర వండాను. నాకు అదంటే ప్రాణం.

మామయ్య కంచం వెనక్కి నెట్టారు. "ఇదేంటమ్మా, అన్నం మీద ఎర్ర సిరా ఒలకబోశావా?" అన్నారు. మా ఆయన పకపకా నవ్వారు.

"మన ఇంట్లో ఇది ఎవరూ ముట్టరు," అంటూ అత్తయ్య గిన్నె తీసేశారు.

అందరూ లేచాక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని తింటున్నాను. అత్తయ్య వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా పక్కన చతికిలబడ్డారు.

"నాకూ ఓ ముద్ద పెట్టవే. మా అమ్మ చేతిది తిన్నాక మళ్ళీ ఇదే."

గిన్నె ఖాళీ అయ్యింది. ఆవిడ కుళాయి దగ్గర నాలుక రుద్ది రుద్ది కడుక్కున్నారు.

"రేపు కూడా వండనా అత్తయ్యా?" అని ఆశగా అడిగాను.

"వద్దే తల్లీ. నువ్వూ మానెయ్. మొదటి పదేళ్ళే కష్టం."