తప్పు పలకది

తెర మీద సగం చుక్కలు మాయమయ్యాయి.

లేజర్ తగలకముందు అవి చక్కగా బారులు తీరి ఉండేవి. ఉక్కు డబ్బాలో బిగించిన గోరంత సిలికాన్ పలక మీద, పైపొరలో అణువులు ఎలా సర్దుకుని ఉన్నాయో ఆ చుక్కలు చెబుతాయి.

పలక అమ్మినవాడు తెర ముందే నిలబడి ఉన్నాడు. ప్రయోగశాలలో అందరూ అతన్ని పలకల బాబాయి అంటారు.

కబురంపింది పెద్దసారు. లేజర్‌తో వేడెక్కిన పైపొర చల్లారగానే మళ్లీ పాత వరసలోకి వస్తుందని ఆయన ఎప్పుడో రాశారు. ఆయన పేరు, ఈ గది, ఈ యంత్రాలు, అన్నీ ఆ మాట మీదే నిలబడ్డాయి. ఇప్పుడు ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఎన్నిసార్లు లేజర్ కొట్టినా పైపొర ఆ మాట వినడం లేదు.

కాబట్టి తప్పు పలకది.

సరుకులోనే లోపం ఉందని బాబాయి సంతకం పెట్టాలి. దాంతో అమ్మాయి ఏళ్ల కష్టం చెత్తబుట్టలోకి పోతుంది. బదులుగా వచ్చే ఏటి కొనుగోలంతా బాబాయి కొట్టుకే.

“నీకు నష్టం లేని బేరం కదయ్యా,” అన్నారు పెద్దసారు.

బాబాయికి ఒళ్లు మండింది. పుచ్చు సరుకును మేలిరకమని అంటగట్టేవాళ్లను చాలామందిని చూశాడు. మేలి సరుకును పుచ్చని ఒప్పుకోమనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. మీ పిల్ల దొంగని ఒప్పుకో, పెళ్లి ఖర్చు నేను పెట్టుకుంటా అన్నట్టుంది.

అమ్మాయిని వరండాలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు.

ఆమె ఏదీ దాచలేదు. “నెమ్మదిగా చల్లారితే ఏ అణువు చోటు అది వెతుక్కుంటుంది బాబాయ్. లేజర్ దెబ్బకి వేడెక్కడం, చల్లారడం రెప్పపాటు కూడా పట్టదు. ఇక వెతుక్కునే టైమేది? ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి.”

సారుకి చెప్పావా అంటే, చెప్పానంది. ముందు వినయం నేర్చుకోమన్నారట.

బాబాయి అణువుల్ని ఎన్నడూ చూసినవాడు కాదు. కానీ సరుకు మీద అనుమానమొస్తే పక్క కొట్టు సరుకు తెచ్చి చూడాలని తెలుసు.

పక్క కొట్టు బావమరిదిది. వాటాల గొడవలో మాటలు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

పలక అడిగితే బావమరిది ఎగాదిగా చూశాడు. “ఏం బావా, చివరికి నీ కొట్టుకి కూడా నా సరుకే దిక్కయిందా?”

“అలాగే అనుకో. మంచిది తియ్యి.”

బాబాయి బేరం ఆడలేదు. దాంతో బావమరిదే కంగారుపడ్డాడు.

మర్నాడు అమ్మాయి ఆ పలకను డబ్బాలో బిగించి, గాలి తోడేసి, పైపొర శుభ్రం చేసింది. చుక్కలు బారులు తీరాయి. అందరూ చూశాక లేజర్ కొట్టింది.

సగం మాయమయ్యాయి. నిన్న మాయమైనవే.

ఎవరూ అడగకుండానే ఆమె అదే పలకను ఎర్రగా కాల్చి, మెల్లమెల్లగా చల్లార్చింది.

చుక్కలన్నీ తిరిగొచ్చాయి.

పెద్దసారు తెరను రెండోసారి చూడలేదు. “ఇదీ చెత్త సరుకే.”

“ఊళ్లో ఉన్నవి రెండే కొట్లు సార్.” బాబాయి గొంతు పెంచలేదు. “ఒకటి నాది, ఇంకోటి నా ముఖం చూడనివాడిది. మాకు చావులోనూ పొత్తు కుదర్లేదు, పెళ్లిలోనూ కుదర్లేదు. లోపంలో కుదిరిందంటారా?”

సంతకం కోసం పెట్టిన కాగితాన్ని ఆయన వైపే జరిపాడు. దాంతోపాటు వచ్చే ఏటి కొనుగోలంతా చేజారిపోతుందని అతనికి తెలియనిది కాదు.

అమ్మాయి లేజర్ ముందు కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీని పెద్దసారు వైపు తిప్పింది.

“ఈసారి మీరు కొట్టండి సార్.”

పెద్దసారు చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు.