గొంతు పట్టేసిన వారం

మొదట బయ్యన్న రాసుకున్న లెక్కలో చేతిలో ఉన్నవి ఇంతే: పళ్లెమంత లేజర్ డిస్కులు పదకొండు, వాటిని ఆడించే ప్లేయరు ఒకటి, పాత యాంప్లిఫయరు ఒకటి. ఇప్పుడు ప్లేయరు చచ్చింది. లూదియా వచ్చి నిండు సంచీ ఒకటి నంద్యాలలోని అతని అంగడి బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఏందన్నా ఇది? నీ డీవీడీల్లో ఎవురో మాట్లాడ్తాండారు!"

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన సీడీల అంగడి ఆమెది. పదకొండు ఫైటింగు సినిమాలనూ డీవీడీలకు ఎక్కించి, కాపీలు తీసి, పోయిన నెల ఆమెకే ఇచ్చాడు బయ్యన్న. అవి అమ్ముడుపోకపోతే ఇక తన అంగడి మూసి, బావమరిది లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరడమే.

"సినిమాలో వాళ్లే మాట్లాడింటారు లూదియమ్మా."

"సినిమాలో వాళ్లు ఇంగ్లీషులో తన్నుకుంటాండారు. ఈయప్ప తెలుగులో 'ఒరేయ్, ఎనక్కి చూడ్రా, గోడ చాటున ఉండాడు' అంటాండాడు. గడ్డం గురువు వస్తానే 'ఈ ముసిలోన్ని నమ్మితే చెడినట్టే' అని ముందే చెప్పేస్తాండాడు."

బయ్యన్నకు చెమట పట్టింది. ఆ గొంతు తనదే.

పదేళ్ల కిందట ఆళ్లగడ్డలో వీడియో పార్లరు నడిపినప్పుడు, ఇంగ్లీషు రాని జనానికి మైకు పట్టుకుని కథ చెప్పేవాడు. డిస్కు ఒక వైపు అయిపోగానే తిరగేసి పెట్టాలి గనుక, డీవీడీలకు ఎక్కించేటప్పుడూ ప్లేయరు పక్కనే కూర్చున్నాడు. కూర్చుంటే నోరు ఊరుకోలేదు. యాంప్లిఫయరుకు పాత మైకు తగిలించే ఉందన్న సంగతి మరిచిపోయాడు. తయారైనవాటిని సరిచూసేటప్పుడు బొమ్మే చూశాడు, సౌండు పెట్టలేదు.

అంగడి వెనక ఇంట్లో నుంచి భార్య లక్ష్మీదేవి అందుకుంది. "ఒక్కడే కూచోని గోడకు కథలు చెప్తాంటే, ఏ గాలి సోకిందో అనుకున్యా లూదియా! నడుమ గొంతు పట్టేసి, మూగోడై డిస్కులు తిప్పిన వారమే ఇల్లు నిమ్మళంగా ఉండింది."

"నువ్వూరుకోవే!" అని విసుక్కుని, బయ్యన్న లూదియా వైపు తిరిగాడు. "మళ్లా ఎక్కిద్దామంటే ప్లేయరు పాయె. డోన్ దాకా మోసుకపోయినా. లోపల లెన్సు పోయిందంట, అది యాడా దొరకదంట. తప్పు నాదే. కొన్నోళ్లు తిరిగిస్తే తీసుకో తల్లీ, నీకు నష్టం రానీను."

"ప్లేయరుతో ఏం పనన్నా?"

బయ్యన్నకు అర్థం కాలేదు. సంచీలో చేయి పెట్టి ఒక డీవీడీ తీసి ఆడించాడు. కత్తులు ఖణేల్‌మన్నాయి. చెట్టు మీది నుంచి ఒకడు దూకాడు. తన గొంతు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని తల దించుకుని కూర్చున్నాడు. రాలేదు. ఇంకొకటి పెట్టాడు. రాలేదు. మూడోదీ అంతే.

"ఇవి శుభ్రంగా ఉండాయి కదమ్మా! ఇవెందుకు తెచ్చినావు?"

"శుభ్రంగా ఉండాయి గాబట్టే తెచ్చినా. మాట్లాడేటివి ఐదు సినిమాలు, వారానికే ఐపోయినాయి. మా స్టాండులో ఆటోలోళ్లంతా చిన్నప్పుడు నీ పార్లర్లో నేల మీద కూచోని చూసినోళ్లేనంట. వింటానే 'మా బయ్యన్న గొంతు' అన్యారు. ఎవురో అని నిన్ను ఆటపట్టిచ్చినా, అంతే. ఈ ఆరూ మూగవి. ఒక్కడూ ముట్టుకోడం లే. వీటిలో గూడా మాట్లాడి బేగా ఇయ్యి. పొద్దున్నుంచి నా అంగడి ముందర నిలబడుకోని ఉండారు."

వంటింట్లో లక్ష్మీదేవి మిరియాల కషాయం పొయ్యి మీద పెట్టింది.

బయ్యన్న మైకు మీది దుమ్ము తుడుస్తూ లెక్క మళ్లీ వేసుకున్నాడు. పోయింది, ప్లేయరు ఒకటి. దొరికింది, మొదటి లెక్కలో రాయడం మరిచిన గొంతు ఒకటి.