నాలుగింటి పసుపు లైను

"ఆ ఫైలు ఎవరు తీశారు?"

స్వప్న గొంతేమీ పెంచలేదు. అయినా టీమ్ మొత్తం తలెత్తి చూసింది. రెండేళ్లుగా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి నోరు తెరిస్తే చూడరా మరి!

"నేనే మేడం," అన్నాడు శివశంకర్ హుషారుగా. చేరి మూడు వారాలైంది. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

హైటెక్ సిటీలో ఆరో అంతస్తు అది. వాళ్లు తయారుచేసేది టికెట్లు బుక్ చేసుకునే వెబ్‌సైట్. అందులో వందల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లుంటాయి. రోజూ సాయంత్రం నాలుగింటికి స్వప్న నల్ల తెర మీద ఒక కమాండ్ కొడుతుంది. ఒక టూల్ ఆ ఫైళ్లన్నిటినీ కలిపి ఒక్క మూట కడుతుంది. పనికిరానిది తగిలితే బయటే వదిలేసి, ఆ సంగతి పసుపు రంగు లైనులో చెబుతుంది. రెండేళ్లుగా రోజూ అదే లైను. తెలుగులో చెప్పాలంటే, 'సంతోష్ అనే ఫైలును పిలిచారు, ఎక్కడా వాడలేదు, వదిలేస్తున్నాను.'

కొత్తగా చేరినవాళ్లు తమ పేరుతోనే ఒక ఫైలు పెట్టుకుని, చేయి తిరిగేదాకా అందులో తంటాలు పడటం ఆ టీమ్ అలవాటు. పని వచ్చాక ఎవరి ఫైలు వాళ్లే తీసేయాలి. ఈ సంతోష్ ఎవడో బద్ధకస్తుడు, తీయకుండానే వేరే కంపెనీకి పోయాడనుకున్నాడు శివశంకర్. ఫైలునీ, దాన్ని పిలిచే లైనునీ కలిపి పీకేశాడు. ఇప్పుడు ఒక్క హెచ్చరికా లేకుండా మూట శుభ్రంగా వస్తోంది.

"వాడని ఫైలే కదా మేడం..."

"మళ్లీ పెట్టు."

"ఎందుకు మేడం? చెత్త..."

"నాలుగు కావస్తోంది. పెట్టు."

శివశంకర్‌కు ఒళ్లు మండింది. నేరుగా టీమ్ లీడ్ మధుకర్ దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు. మధుకర్ అతన్ని పక్కకు తీసుకుపోయాడు.

"మన ఫ్లోర్ తుడిచే అంజమ్మ తెలుసు గదా? సంతోష్ ఆమె కొడుకు."

"ఆమె కొడుకా?" అన్నాడు శివశంకర్.

"గిక్కడ తుడిచే చదివిచ్చింది వాన్ని. బాచుపల్లిల ఇంజనీరింగ్. ఇదే ఆఫీసుల నౌకరి వచ్చింది. వచ్చిన దినమే అమ్మను పని మాన్పిచ్చిండు. నాలుగు నెలలు కాలే, మూసాపేట కాడ బండి మీద పోతుంటే లారీ గుద్దింది. నెల తిరగకముందే ఆమె మళ్ల పనికొచ్చింది. ఇదే ఫ్లోర్ కావాల్నని ఏజెన్సీ వాళ్ల కాళ్లావేళ్లా పడి వచ్చింది."

"మరి స్వప్న మేడం?"

"ఇద్దరిది ఒకటే కాలేజీ. పెండ్లి తారీఖు కూడ పెట్టుకున్నరు. ఇప్పుడు రోజు నాలుగింటికి అంజమ్మ వస్తది, స్వప్న కమాండ్ కొడ్తది, వాని పేరు చూపెడ్తది. ఆమెకు కొడుకు అండ్లనే మిగిలిండు. నీకు ముందే చెప్పకపోవుడు నా తప్పే."

శివశంకర్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉరికినట్టే వచ్చి ఫైలును మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. అప్పటికి నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

అంజమ్మ కర్రా బకెట్టూ పట్టుకుని వచ్చింది. వరసంతా తుడిచింది. బల్ల కింద ఒలికిన టీ మరక మాత్రం అలాగే ఉండిపోయింది. మొన్న కూడా ఇలాగే మరకలు వదిలేసిందని సూపర్‌వైజర్ నలుగురిలో అరిచింది. పని మానేయమని కూడా అన్నది. కొడుకు పోయిన తల్లికి మనసు పని మీద ఎలా ఉంటుందనుకున్నాడు శివశంకర్. ఆమె సంతోష్ కూర్చున్న కుర్చీని తడుముకుంటూ వచ్చి స్వప్న పక్కన నిలబడింది.

"అయ్యిందా బిడ్డా?"

"కొడుతున్న అత్తమ్మా."

తెర మీద లైన్లు గబగబా పరుగెత్తాయి. పసుపు లైను వచ్చింది.

"ఇగో అత్తమ్మా, వాడే!"

"ఆ, వాడే," అన్నది అంజమ్మ. ఆమె కళ్ల నిండా నీళ్లు. తెర వైపు చూసే ధైర్యం లేదు కాబోలు, స్వప్న ముఖం వైపే తిరిగి ఉంది.

ఇక స్వప్న మాటలు మొదలుపెట్టింది. "మూడు లైన్లు రాసిండు అత్తమ్మా, మూడింట్ల మూడు తప్పులు! చెప్తే వింటేనా? నా టిఫిన్ డబ్బా గుంజుకుని తింటుండె, మళ్ల మా అమ్మ అంత బాగ ఎవ్వలు వండరంటుండె..." చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రోజూ నాలుగింటికి టీకి కిందికి పోయే శివశంకర్‌కు ఈ మూడు వారాల్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. అంజమ్మ ఆమె తల నిమిరింది.

స్వప్న ముఖం కడుక్కుని వస్తానని లేచి వెళ్లింది. శివశంకర్ ఆగలేకపోయాడు. అంజమ్మ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, తప్పయింది. ఆ పేరు తీసేసింది నేనే. తెల్వక చేసిన. ఇగ ఎవ్వలు ముట్టరు, నేను చూసుకుంట. నువ్వు రోజు వచ్చి నీ కొడుకును చూసుకో."

చేతులు జోడించిన మనిషి కోసం గాలిలో వెతికినట్టు చేయి చాచి, అతని భుజం దొరకబుచ్చుకుంది అంజమ్మ. గొంతు తగ్గించింది.

"ఆ పిల్లకు చెప్పకు కొడుకా, నా రెండు కండ్లకు పొరలు కమ్మి ఏడాదాయె, గా కంప్యూటర్ డబ్బాల ఏమున్నదో నాకేం కానరాదు, దినమంతల ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడేది గీ ఐదు నిమిషాలేనని వస్తున్న."