పందొమ్మిదో మెట్టు

గుహ మెట్ల మీద, కింది నుంచి ఇరవై ఆరో మెట్టు దగ్గర, ఇంజనీరు ఎర్రరంగుతో అడ్డంగా గీత గీశాడు.

"నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి," అన్నాడు.

గైడమ్మ గబగబా కిందికి నాలుగు మెట్లు లెక్కపెట్టింది. పదేళ్ళుగా ఆ గుహని జనానికి చూపిస్తూ బతుకుతోంది. చూసేవాళ్ళు నిలబడే రాతి అరుగు ఇరవై రెండో మెట్టు దగ్గరుంది. అది మునిగిందంటే ఇక గుహకి తాళమే.

"ఇన్నేళ్ళూ రాని నీళ్ళు ఇప్పుడెందుకొస్తాయండీ?"

"రంగుల ఫ్యాక్టరీ మూసేస్తున్నారు కదమ్మా. నలభై ఏళ్ళుగా వాళ్ళ పంపులు భూమిలో నీళ్ళు తోడేస్తున్నాయి కాబట్టే మీ గుహ పొడిగా ఉంది. ఇంకో ఆర్నెల్లలో ఆ పంపులు ఆగిపోతాయి. బావులకి మంచిదే. కానీ కొండ అవతలి పాత గని నిండుతుంది, అందులో నీళ్ళు కొండ అవతలికి పోయే సొరంగమా ఎప్పుడో పూడిపోయింది, ఆ నీళ్ళు కూడా ఇటే వస్తాయి."

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. అత్తగారు గమనించింది. ఆవిడకి అరవై రెండేళ్ళు. ఆ గని మూతపడేదాకా అందులో తట్టలు మోసిన మనిషి. దేనికీ ఓ పట్టాన కంగారుపడదు.

"ఎన్నో మెట్టన్నాడూ?"

"ఇరవై ఆరు."

అత్తగారు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.

"పందొమ్మిది దాటవు," అంది. "నువ్వు పడవలు చూసుకో."

"అత్తయ్యా! ఆయన కంప్యూటర్లో లెక్కేసి చెప్పాడు."

"వేసుకోనీ. ముందు నువ్వు అన్నం తిను."

కోడలు సగం నమ్మింది, సగం నమ్మలేదు. ఆ నమ్మిన సగంతోనే, చెరువు దగ్గర మూలపడున్న రెండు పాత పడవలు తెచ్చి బాగుచేయించింది.

"గుహ మునిగితే వాటిలోనే కాపురం పెడదాంలే," అన్నాడు మొగుడు. ఆమె చూసిన చూపుకి లేచి పడవకి తారు పూయడానికి పోయాడు.

అత్తగారికి మాత్రం చీకూ చింతా లేదు. మోకాళ్ళకి మంచిదని డాక్టరు నడవమన్నాడట. గనిలో తనతో పనిచేసిన నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, పొద్దున్నే నవ్వుకుంటూ వాకింగుకి పోయేది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఇద్దరి అన్నం తిని, గుర్రుపెట్టి నిద్రపోయేది. "కొంప మునుగుతున్నా ఈవిడ ఆకలి తగ్గదు," అని కోడలు లోలోపల విసుక్కునేది.

ఆర్నెల్లకి పంపులు ఆగాయి.

మొదటివారం మూడు మెట్లు మునిగాయి. తర్వాత ఏడు. తర్వాత పన్నెండు. గైడమ్మ రోజూ చేత్తో టార్చి పట్టుకుని దిగడం, మెట్లు లెక్కపెట్టడం, ఇంజనీరుకి ఫోన్ చేయడం.

"వస్తాయమ్మా, వస్తాయి," అనేవాడాయన, తన తప్పేదో ఉన్నట్టు.

పద్దెనిమిదో మెట్టు మునిగిన రోజు ఆమె రెండుసార్లు దిగి లెక్కపెట్టింది. మూడోనాటికి పందొమ్మిదో మెట్టు తడిసింది.

అక్కడితో ఆగింది.

ఒకరోజు చూసింది. వారం చూసింది. నెల చూసింది. మధ్యలో వానలు దంచికొట్టాయి. అయినా ఇరవయ్యో మెట్టు మీద దుమ్ము దుమ్ములాగే ఉంది.

ఇక గుహ అందం చెప్పనలవి కాదు. కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కింద నీళ్ళలో తలకిందులుగా కనిపించేవి. పడవలెక్కడానికి జనం బారులు తీరారు. రెండు పడవలు చాలక ఇంకో మూడు వచ్చాయి. మొగుడు తెడ్డు పట్టడం నేర్చుకున్నాడు.

అత్తగారి పేరు మారుమోగిపోయింది. మేక తప్పిపోయిందని ఒకాయన, కూతురి పెళ్ళెప్పుడవుతుందో చెప్పమని ఒకావిడ, పొద్దున్నే గుమ్మంలో తయారు.

"మేకని వెతుక్కోవయ్యా! ఇక్కడ కూర్చుంటే అదే వస్తుందా?" అని కసిరేది ఆవిడ. ఆ మేక సాయంత్రానికి దొరికేసరికి జనం ఇంకా పెరిగారు.

చివరికి ఇంజనీరే వచ్చాడు. మంచినీళ్ళు తాగి, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"మూడుసార్లు సరిచూసుకున్నానమ్మా. ఎక్కడా తప్పు దొరకడంలేదు. పందొమ్మిది అని మీకెలా తెలిసింది? రాయి రంగు చూసి చెప్పారా? గాలిలో తడి చూసి చెప్పారా?"

కోడలు కూడా చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడింది.

"మీ ఆఫీసులో ఎవరికీ చెప్పనంటే చెబుతా."

"ఒట్టు. చెప్పను."

అత్తగారు ఒకసారి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నీ లెక్క కరెక్టే నాయనా, కాకపోతే పంపులు ఆగేలోపు, సరిగ్గా పందొమ్మిదో మెట్టు ఎత్తులో ఉన్న ఆ గని సొరంగంలో పూడికంతా మేం అయిదుగురం తట్టలకెత్తి అవతల పోసేశాం."