అమ్మకానికి తెల్ల అంబాసిడర్

ఆ ముసలాయన కారు కిందికి దూరి పది నిమిషాలైంది. ఇంకా బయటికి రాలేదు.

కారు కొనడానికి వచ్చిన సామ్యేల్‌కు ఒళ్లు మండింది.

"ఎవరయ్యా నువ్వు? నా బండి కింద నీకేం పని?"

ముందు రెండు కాళ్లు కదిలాయి. తర్వాత నడుము. ఆ తర్వాత మాసిన గడ్డం బయటికి వచ్చింది.

"నీ బండి ఎప్పుడైంది? ఇంక కొనలేదు గద" అన్నాడు ముసలాయన, చేతులు లుంగీకి తుడుచుకుంటూ. "కొనకు."

"ఎందుకు?"

"ముందు చక్రాల నడుమ అడ్డపట్టీ ఇరిగింది. అతుకేసి రంగు పూసిండ్రు. గా అతుకు పట్టనీకి కింద మంచి ఇనుము లేదు, అంత తుప్పే. ఏ లారీ ముందటనో స్టీరింగు చేతికొస్తది."

"నువ్వు మెకానిక్‌వా?"

"నేనెవన్నైతే నీకేంది? చెప్పింది చెవికెక్కించుకో. సచ్చుటానికి అప్పు జేస్తరార ఎవలన్న?"

ఆ మాటకు సామ్యేల్ చెయ్యి లేవబోయింది. అంతలో తాళంచెవి తేవడానికి వెళ్లిన బ్రోకరు ముత్యం తిరిగి వచ్చాడు. అతన్ని చూడగానే ముసలాయన పక్కకు ఉమ్మేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"గులాం అలీ అని, పాత డ్రైవరు" అన్నాడు ముత్యం నవ్వుతూ. "ఒకలు బాగుపడితే చూడలేడు. నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మీ. ఓనరు హైదరాబాద్‌ల ఉంటడు. కాయితాలన్నీ నా దగ్గరనే ఉన్నయ్."

అది తొంభై రెండో సంవత్సరం. సామ్యేల్‌కు ఇరవై మూడేళ్లు. ఐదేళ్లుగా వేరేవాళ్ల జీపు నడుపుతున్నాడు. గోదావరిఖని నుంచి కరీంనగర్‌కు రోజుకు రెండు ట్రిప్పులు. తిట్లకు లెక్క లేదు.

కూడబెట్టింది ఎనిమిది వేలు. కారు ముప్పై వేలు. మిగతాది ఫైనాన్సు వాళ్లు ఇస్తామన్నారు, బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి యేసయ్య జామీను ఉంటే.

యేసయ్య వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒకరోజు షిఫ్టు దిగి వచ్చి, మొహం మీది మసి కడగకముందే సంతకం పెట్టాడు.

"గిదే ఆఖరు. మల్ల నన్నేం అడగకు" అన్నాడు, కొడుకు వైపు చూడకుండా.

సోమవారం డబ్బు చేతికి రావాలి. సోమవారం ఫైనాన్సు ఆఫీసులో గుమాస్తా కాగితాలు వెనక్కి తోశాడు.

"ఆ బండి మీద ఇయ్యం."

"ఎందుకు సార్?"

"గులాం అలీ వచ్చిపోయిండు. బండి సంగతి చెప్పిండు."

"వాడు చెప్తే మీరు వింటరా?"

"వినాల్సిందే. పక్కకు జరుగు, ఎనుక మంది నిలబడ్డరు."

గులాం అలీ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతున్నాడు. సామ్యేల్ నేరుగా వెళ్లి కాలర్ పట్టుకున్నాడు. అంగీ జేబు దాకా చిరిగింది. చాయ్ ఒలికింది.

"నీకెంత ముట్టిందిరా? ఎవడిచ్చిండు?"

"ఎవడియ్యలే."

"మా నాయినను బతిమిలాడి సంతకం తెచ్చుకున్న. నా బతుకు చెడగొడితే నీకేమొచ్చింది?"

హోటల్లో అందరూ చూస్తున్నారు. ఎవరూ అడ్డు రాలేదు.

"చెయ్యి తియ్యి" అన్నాడు ముసలాయన. "ఇంకోటి కొనుక్కో. గది మాత్రం నువ్వే కాదు, ఎవడు కొంటనన్నా ఊకోను."

సామ్యేల్ తోసేశాడు. ముసలాయన బెంచీకి తగిలి కింద పడ్డాడు. సామ్యేల్ లేపలేదు.

ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా సామ్యేల్ మొహం తిప్పుకొని ఉమ్మేసేవాడు. గులాం అలీ దగ్గుకుంటూ దాటిపోయేవాడు.

ఆరు నెలలకు మరో ఫైనాన్సులో అప్పు పుట్టింది. మళ్లీ సంతకం పెట్టనన్న యేసయ్యే మళ్లీ పెట్టాడు. సామ్యేల్ ఇంకో అంబాసిడర్ కొన్నాడు. బండి బాగానే నడిచింది. కిస్తీ ఏ నెలా తప్పలేదు.

ఒకరోజు తలుపు పిడి విరిగితే పాత సామాను అమ్మే అలీముద్దీన్ కొట్టుకు వెళ్లాడు. ఇనుప కుప్ప పక్కన ఆ తెల్ల కారు రెండు ముక్కలై, బోర్లా పడి ఉంది.

అడ్డపట్టీ విరిగి ఉంది. అతుకు ఊడి ఉంది. చుట్టూ ఉన్న ఇనుము వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది.

"ఇది ముత్యం అమ్మకానికి పెట్టిన బండి గద భాయ్?"

"ముత్యానిదేం లేదు. తుక్కు కింద అమ్మిపెట్టుమని ఓనరు ఇచ్చిండు. ముత్యం అతుకేసి, రంగేసి మంచి బండి లెక్క నిలబెట్టిండు. ఇరవై ఐదు వేలు నీ చేతిల పెడత, నోరు మూసుకొమ్మని ఓనరుతోని అన్నడట."

"మరి?"

"మూసుకోలే. లొల్లి పెట్టుకొని బండి గుంజుకొచ్చిండు. నేనిచ్చింది మూడు వేలు. మల్ల ఎవడన్న అతుకేస్తడని, రెండు ముక్కలు చేసేదాక గీడనే కూసున్నడు."

"అంత పైస ఇడిచిపెట్టిండా? బాగ ఉన్నోడా?"

"ఏం ఉన్నోడు. దవాఖానకు పైసల్లేకనే బండి అమ్మిండు."

సామ్యేల్ తలుపు పిడి సంగతి మరిచిపోయాడు.

"భాయ్, గా ఓనరు ఇంటికి నన్నొక్కసారి తోలుకపో. కాళ్లు మొక్కి వస్త."

అలీముద్దీన్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఇంటికి పోయి ఏం జేస్తవ్ తమ్మీ, పోయిన శుక్రవారమే మట్టిచ్చి వచ్చినం, గులాం అలీకి."