తోటి పేషెంటు

"ఈయన్ని ఒక్కసారైనా చూశారా అంకుల్?" అంటూ షెకీనా ఫోన్‌ను తిరుమల్ వైపు తిప్పింది.

తెరమీద దేవానందం అనే పేరు, పక్కనే మందారపువ్వు బొమ్మ. మనిషి ముఖం లేదు.

"చూడలే," అన్నాడు తిరుమల్. "యాప్రాల్‌ల ఉంటడట. రిటైర్డ్ టీచరు. నా లెక్కనే కుడి పక్క పడిపోయిందట."

"పోనీ, గొంతు విన్నారా?"

"మాట సరిగ్గ రాదంట. అందుకే రాస్తడు."

షెకీనా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పక్షవాతంతో కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినవాళ్లు ఫోన్‌లో వైద్య సలహాలు ఎలా అందుకుంటున్నారు, అదే ఫోన్‌లో మోసపోకుండా ఎలా జాగ్రత్తపడుతున్నారు అన్నది ఆమె విషయం. అందుకోసం యూనివర్సిటీ వాళ్లు తమ యాప్‌లో ఒక గ్రూపు నడుపుతున్నారు. డాక్టరు అందులో వ్యాయామాల వీడియోలు పెడతాడు. పేషెంట్లు అవి చేసి, ఎలా ఉందో ఒకరికొకరు రాసుకుంటారు. మొదట్లో లింకు దొరికినవాళ్లంతా చేరారు. ఇప్పుడు ఒక్కొక్కరి వివరాలూ సరిచూడమని ప్రొఫెసరు చెప్పాడు. అందరూ జవాబిచ్చారు, దేవానందం తప్ప. అతను రాసేది ఎక్కువగా తిరుమల్‌కే. అందుకే ఆమె ఈ మధ్యాహ్నం మారేడ్‌పల్లిలోని తిరుమల్ ఇంటికి వచ్చింది.

తిరుమల్ భార్య సుమిత్ర ఆ గదిలోనే ఓ మూల కూర్చుని గోంగూర తెంపుతోంది.

"ఆయన రాస్తేనే లేస్తడమ్మా ఈయన," అంది. "నేను ఎంత మొత్తుకున్నా చెయ్యి కదిలియ్యలే."

అది నిజమే. తిరుమల్ టైలరు. కుడిచెయ్యి పడిపోయాక మార్కెట్ దగ్గరి దుకాణం మూసేశారు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఎడమచేత్తో వీధిలోకి విసిరేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్‌లో ఆ యాప్ పెట్టిపోయినా చాలాకాలం దాన్ని తెరవలేదు.

ఒకరోజు అందులో దేవానందం రాశాడు: 'ఈ రోజు కూడా చెంచా జారిపడ్డది. చొక్కా నిండ పప్పే. మీకెట్లున్నది?'

తిరుమల్ ఆ రోజు నవ్వాడు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'నాకు చెంచా పట్టుకొనే రాదు' అని జవాబిచ్చాడు. అక్కడినుంచి ఇద్దరికీ పోటీ షురూ అయింది. ఒకరు చెయ్యి భుజందాకా లేపానంటే రెండోవాళ్లు చెవిదాకా లేపానని రాసేవారు.

"ఆయనకు ఏమేం చెప్తారు అంకుల్?"

"బీపీ ఎంతున్నది, ఏ గోలీలు వేసుకుంటున్న, రాత్రి నిద్ర పట్టిందా, అంతే."

"తెలియనివాళ్లకు అవి చెప్పొద్దనే కదా మేం చెప్పేది. ఓటీపీ గానీ, ఆధార్ నంబరు గానీ అడిగాడా?"

"ఏనాడూ అడగలే."

"ఇప్పుడు అడగకపోవచ్చు. ముందు బాగా నమ్మిస్తారు. మా స్టడీలో ఒకావిడ ఉంది, నడవలేదు పాపం. ఇలాగే ఫోన్‌లో డాక్టరునని చెప్పినవాణ్ని నమ్మి మోసపోయి చాలా బాధపడింది."

తిరుమల్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఒకటి మాత్రం ఉన్నది. చెయ్యకుండ చేసిన్నని రాస్తే ఎట్లనో పట్టేస్తడు."

షెకీనా నిటారుగా కూర్చుంది.

"ఎలా తెలుస్తుంది ఆయనకు?"

"ఏమో. తోటి పేషెంటు గదా, అంచనా దొరుకుతదేమో."

"ఇది మంచిది కాదు అంకుల్. నాకు భయంగా ఉంది."

సుమిత్ర గోంగూర మీదినుంచి తల ఎత్తలేదు.

"దొంగ పేరని తేలితే ఏం చేస్తరమ్మా?"

"తీసేస్తాం ఆంటీ. ఎక్కడినుంచి రాస్తున్నారో కూడా కనుక్కుంటాం."

"అంత దూరం ఎందుకులే. ఎవరో పెద్దాయన, పాపం."

"అందరూ అలా అనుకునే మోసపోతున్నారు ఆంటీ. మీరే కదా అంకుల్‌ని జాగ్రత్తగా చూసుకోవాల్సింది."

సుమిత్ర తెంపిన ఆకు గిన్నెలో వేసుకుని, కడగడానికి వంటింట్లోకి వెళ్లింది.

తిరుమల్ కుర్చీలోంచి లేచాడు. మెల్లగా కుట్టుమిషన్ దగ్గరికి నడిచి, అక్కడున్న కత్తెరను కుడిచేత్తో అందుకున్నాడు. వేళ్లు కొంచెం వణికాయి. ఓ పాత గుడ్డముక్కను ఈ చివరినుంచి ఆ చివరిదాకా కోసి చూపించాడు. అంచు వంకరపోయింది. ఆయన ముఖంలో మాత్రం పెళ్లిబట్టలు కత్తిరించినంత సంతోషం కనిపించింది.

"ఇట్ల కోసుడు మొన్ననే వచ్చింది. దేవానందానికి రాస్తే, ముందు తన చొక్కాకు గుండీలు కుట్టమన్నడు."

షెకీనాకు బాధేసింది. అయినా లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"ఈ సాయంత్రం ఆ పేరు తీసేస్తాను అంకుల్. ఏమీ అనుకోకండి."

తిరుమల్ కర్ర పట్టుకుని ఆమెతోపాటు గేటుదాకా నడిచాడు.

"ఆయన పోతే నేను మళ్ల గోడదిక్కు తిరుగుత బిడ్డా."

"నాకు మాత్రం ఇష్టమా? రూల్ అలా ఉంది. పేషెంటైనా అయుండాలి, పేషెంటును చూసుకునే ఇంటి మనిషైనా అయుండాలి. ఈ రెండూ కానివాళ్లను ఉంచలేం."

తిరుమల్ వెనక్కి తిరిగి చూశాడు. వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్త, లోపల మాత్రం అనకు."

"చెప్పండి అంకుల్."

"దేవానందమంటే మా సుమిత్రనే బిడ్డా."