తాతలనాటి నిట్టూర్పు

"చెయ్యి తియ్యమ్మా! మరక పడుతుంది!" అంటూ అవినాష్ పరుగెత్తుకొచ్చాడు.

కర్నూలులో అతను పెట్టిన మొదటి ప్రదర్శన అది. గోడల నిండా పాడుబడిన ఆసుపత్రుల ఫోటోలే. అన్నిటికంటే పెద్దదాని అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది జీవమ్మ. నందికొట్కూరు పక్క పల్లె నుంచి పొద్దున బస్సుకు వచ్చింది.

"ఇది మా ఊరి ఆసుపత్రి నాయనా. దేవేంద్రప్ప సారు ఈడికొస్తాడంట గదా, ఎప్పుడు తెరుస్తారో అడుగుదామని వచ్చినా."

"ఆయన పెద్ద నాయకుడు, ఈరోజు ముఖ్య అతిథి. ఇప్పుడు గొడవ చెయ్యొద్దమ్మా."

"గొడవ యాడ చేస్తాండా? నా కూతురు మహిమకు కాన్పు దినాలు దగ్గరపడినాయి. పోయినసారి ఈడికి తెస్తాంటే ఆటోలోనే బిడ్డ పాయ. ఆసుపత్రేమో మా ఇంటెనకాలే ఉండాది!"

అవినాష్‌కు ఆమెను బయటికి పంపేందుకు మనసొప్పలేదు.

నలుపు తెలుపుల ఫోటో అది. బీటలు వారిన గోడ, కిటికీలోంచి లోపలికి తల పెట్టిన కంపచెట్టు, వరండాలో మేకపెంటికలు, గుమ్మం మీద గుడ్లురిమే దిష్టిబొమ్మ. ఆ బొమ్మ ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అవినాష్ ఎవరినీ అడగలేదు. ఫోటోకు అందమొచ్చింది, అంతే చాలనుకున్నాడు. కింద 'తాతలనాటి నిట్టూర్పు' అని పేరు రాశాడు.

కాలేజీలో పాఠాలు చెప్పే శిల్ప ఆ ఫోటో ముందు నిలబడి ముక్కు చీదుకుంది.

"ఎన్ని పురుళ్లు చూసిన గోడలో! చెవి పెడితే పసిపిల్లల ఏడుపు వినిపిస్తోందండీ."

"నీకు వినపడతాండాదా తల్లీ?" జీవమ్మ ఆమెను వింతగా చూసింది. "మాకైతే ఎప్పుడూ వినపడలే."

అంతలో దేవేంద్రప్ప అనుచరుల మందతో సహా దిగాడు. మెడలో దండ, భుజాన శాలువా. పెద్ద ఫోటో ముందు ఆగాడు. చుట్టూ సెల్‌ఫోన్లు లేచాయి. ఆయన కళ్లద్దాలు తీశాడు.

"నేను పుట్టింది ఈ ఆసుపత్రిలోనే! ఈ వరండాలోనే నన్ను ఒళ్లో పెట్టుకోని కూచున్యానని మాయమ్మ చెప్తాండె..."

మాట ఆపి కర్చీపు తీశాడు. ఫోన్లు ఇంకా దగ్గరికి జరిగాయి.

జీవమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. "అట్లయితే తెరిపించు సామీ. నా కూతురు కాన్పుకుండాది."

"తెరిపిస్తా తల్లీ! ఇది నా పురిటిగడ్డ. మళ్లీ పాత వైభవం తెస్తా!"

హాలంతా చప్పట్లు. కర్చీపుతో కళ్లు తుడుచుకుంటూనే ఆయన టిఫిన్ల బల్ల వైపు కదిలాడు.

అవినాష్ కళ్లు కూడా చెమ్మగిల్లాయి. తన ఫోటో ఒక ఆసుపత్రికి ప్రాణం పోస్తోంది! చప్పట్లు కొట్టకుండా నిలబడిన జీవమ్మ దగ్గరికి వెళ్లాడు.

"విన్నావా అమ్మా? మళ్లీ తెరిపిస్తాడంట. ఇంతకీ మూతపడి ఎన్నేళ్లయింది?"

"మూతపడేదేందప్పా? తెరిస్తే గదా మూసేది! ఆ దిష్టిబొమ్మ ఆసుపత్రి కట్టేటప్పుడు మేస్త్రీలు తగిలించిందే, ఇంగా దించలే. నాలుగేండ్ల కింద ఆ గోడలు లేపిన కాంట్రాక్టరు ఎవురనుకున్యావు? అదో, ఆడ కండ్లు తుడుచుకుంటాండాడే, ఆయప్పే!"